చెప్పి చేసిన సంబంధం: మేడ్చల్, శామీర్‌పేటల్లో వినికిడి లోపం, వివాహం

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఒకటిన్నర తరం కిందటి వరకు వ్యవసాయ గ్రామాల సముదాయం. నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా అత్రాఫ్‌-ఎ-బల్దా జిల్లాలో, అంటే నిజాం సొంత ఖర్చులకు ఆదాయం సమకూర్చే సర్ఫ్‌-ఎ-ఖాస్ భూముల్లో భాగంగా ఉండేది. 1949లో సర్ఫ్‌-ఎ-ఖాస్ రద్దయి దివానీ, అంటే ప్రభుత్వ సాధారణ పాలనలో కలిసింది. 1978లో ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలోకి, 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. పాలన ఇన్నిసార్లు చేతులు మారిన ఈ నేల మీద వివాహ పద్ధతులు కూడా మారాయి. వాటితోపాటే, ఏడాదికి కొంత చొప్పున వినికిడి తగ్గిపోతున్న మనిషి ఆ సంగతిని పెండ్లికి ముందు అవతలివారికి చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి, చెప్పవలసింది ఎవరు అనే ప్రశ్న పుట్టింది. ఈ ప్రశ్నను అనాదిగా వస్తున్నదిగా భావించడం పొరపాటు. దీని వయసు మహా అయితే వంద సంవత్సరాలు.

దోషాన్ని చెప్పి పిల్లనివ్వడం గురించిన నియమం మాత్రం చాలా పాతది. కన్యలోని దోషాన్ని ముందుగా వెల్లడించి ఇచ్చిన తండ్రికి శిక్ష లేదని, దాచి ఇచ్చినవాడికి రాజు 96 పణాల దండుగ విధించాలని మనుస్మృతి నిర్దేశించింది. యాజ్ఞవల్క్య స్మృతి ఇంకా కఠినంగా, దాచినవాడికి ఉత్తమ సాహసం, అంటే అన్నిటికన్నా పెద్ద జరిమానా, వేయాలన్నది. ఏ దోషమూ లేని కన్యను వదిలిపెట్టిన వరుడికి కూడా అదే శిక్ష విధించి, లేని దోషాన్ని అంటగట్టినవాడికి 100 పణాలు నిర్ణయించడం ఆ స్మృతిలోని న్యాయదృష్టికి నిదర్శనం. యాజ్ఞవల్క్యానికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంలో రాసిన మితాక్షర వ్యాఖ్య దక్కనులో ప్రామాణిక ధర్మశాస్త్రమైంది. తిక్కన శిష్యుడిగా ప్రసిద్ధుడైన కేతన 13వ శతాబ్దంలో దానిని ‘విజ్ఞానేశ్వరము’ పేరుతో తెలుగు చేశాడు. అయితే ఈ గ్రంథాల్లో చెప్పవలసిన బాధ్యత కన్యాదాతది. కన్యకు సొంత గొంతు లేదు. ఆ బాధ్యత చివరికి ఎవరి మీదికి వచ్చి పడింది అన్నదే ఈ చరిత్రలో అసలు మలుపు.

మరో సంగతి కూడా గమనించదగినది. సంబంధం కలుపుకోకూడని వంశాలను మనువు పేర్కొన్నప్పుడు క్షయ, అపస్మారం, కుష్ఠు వంటి వ్యాధులున్న కుటుంబాలను చెప్పాడు కాని, చెవుడును చెప్పలేదు. ఆస్తి విషయంలో మాత్రం చెవుడు అనర్హతగా నిలిచింది. పుట్టుకతో చెవిటివారికి, పుట్టుకతో అంధులకు వారసత్వ భాగం లేదని, వారిని జీవితాంతం పోషించవలసిన బాధ్యత మాత్రం భాగస్థులదని శాస్త్రం చెప్పింది. వారు పెండ్లి చేసుకోవచ్చు. దోషం లేని వారి కొడుకులకు భాగం దక్కుతుంది. బ్రిటిషిండియాలో ఈ అనర్హతను 1928లో హిందూ వారసత్వ అనర్హతల తొలగింపు చట్టం చాలా వరకు తీసివేసింది. నడివయసులో వినికిడి పోయినవాడిని మనువు చెప్పిన అనర్హత తాకలేదు, ఎందుకంటే అది ‘పుట్టుకతో’ అన్న మాటకు కట్టుబడి ఉంది. క్రమంగా వచ్చే చెవుడు శాస్త్రానికి ఒక సమస్యగా కనిపించనే లేదు.

కనిపించకపోవడానికి కారణం వివాహ వయసులో ఉంది. ఆడపిల్లకు ఎనిమిదేళ్లకో పదేళ్లకో పెండ్లి చేసే రోజుల్లో, ఇరవై దాటాక మొదలయ్యే వినికిడి లోపాన్ని ముందుగా చెప్పడం అసాధ్యం, ఎందుకంటే చెప్పడానికి అప్పటికి ఏమీ ఉండదు. లోపం బయటపడే నాటికి ఆమె ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లి, ఆ ఇంటి మనిషి. శారదా చట్టంగా పేరొందిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది కాని, అది బ్రిటిషిండియా చట్టం. నిజాం రాజ్యంలోని మేడ్చల్ తాలూకాకు దాని అధికారం లేదు. 1978లో వివాహ వయసు యువతికి 18, యువకుడికి 21 అయింది. చదువు, ఉద్యోగం ఆ వయసును ఇంకా పైకి నెట్టాయి. పెండ్లి ఇరవై అయిదుకో ముప్పయికో జరిగినప్పుడు, వినికిడి తగ్గడం మొదలైన నాటికి ఇంకా సంబంధాలే చూస్తుంటారు. దాపరికానికి చోటు దొరికినది అప్పుడే.

ఈ చెవుడు సమస్యగా కనిపించకపోవడానికి రెండో కారణం మేనరికం. మేనమామను గాని, మేనత్త కొడుకును గాని, మేనమామ కొడుకును గాని పెండ్లాడే ఈ ఆచారం తెలుగునాట అన్ని జిల్లాల్లోనూ ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ సంబంధాల జాబితాలో ఈ వరసలు కూడా పడతాయి. ఆచారం అనుమతిస్తే చెల్లుతుందన్న మినహాయింపు వల్లనే అవి నేటికీ నిలిచాయి. మేనరికంలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. మేనకోడలికి చెవి కారుతుందని మేనమామకు చిన్నప్పటి నుంచి తెలుసు. అత్తగారికి వినబడదని కోడలికి ముందే తెలుసు, ఎందుకంటే ఆ అత్త తనకు మేనత్తే. కుటుంబమంతా గొంతు పెంచి మాట్లాడడానికి అలవాటు పడి ఉంటుంది. ఈ సౌలభ్యానికి మూల్యం వేరే వైపు నుంచి చెల్లించవలసి వచ్చింది: అంతర్గత జన్యు లోపాలు, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్ట ప్రతులు కలిస్తేనే బయటపడేవి, దగ్గరి రక్తసంబంధంలో ఎక్కువగా కలుస్తాయి. పుట్టు చెవుడుకు ప్రధాన కారణాల్లో ఒకటైన కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ లోపం ఆ కోవలోనిదే. కానీ యుక్తవయసు తర్వాత క్రమంగా పెరిగే చెవుడులో ఎక్కువ భాగానికి మేనరికాన్ని నిందించడం సరికాదు. దానికి ఇతర కారణాలున్నాయి. మేనరికాలను తప్పుపట్టే ప్రచారంలో ఈ తేడా తరచు మరుగున పడుతోంది.

బయటి సంబంధాలు పెరిగాక మధ్యవర్తి ప్రాధాన్యం పెరిగింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెండ్లి చేయాలన్న సామెత ఆ మధ్యవర్తికి నైతిక అనుమతిపత్రంగా పనికొచ్చింది. పెండ్లిచూపుల్లో అమ్మాయిని నడవమనడం, పేరు అడగడం, ఒక పాట పాడమనడం కేవలం వేడుక కాదు. కుంటు, నత్తి, చెవుడు ఉన్నాయేమో కనిపెట్టే పరీక్ష అది. పుట్టు చెవుడు ఆ పరీక్షలో దొరికిపోతుంది. క్రమంగా తగ్గే వినికిడి మాత్రం దొరకదు, ఎందుకంటే భాష వచ్చాక వినికిడి తగ్గినవారి ఉచ్చారణ చాలాకాలం చెడదు. నిశ్శబ్దమైన గదిలో, ఎదురుగా కూర్చున్నవారు అడిగే ఊహించదగిన ప్రశ్నలకు, పెదవుల కదలికను చూసి వారు సులువుగా జవాబు చెప్పగలరు. అదే పరీక్ష అబ్బాయికి పెట్టిన ఇళ్లు అరుదు. పైకులాల వెలుపల చాలా కులాల్లో విడుపు కాగితం, మారుమనువు ఆచారసిద్ధంగా ఉండడం వల్ల, మోసపోయామన్న తగువు కులపెద్దల ముందు తేలిపోయేది. అటువంటి ఆచార విడాకులను 1955 చట్టం కూడా చెల్లనిచ్చింది. కోర్టుకు వెళ్లవలసిన అవసరం ప్రధానంగా ఆ వెసులుబాటు లేని కులాలకే కలిగింది.

వైద్యం ఈ వ్యవహారాన్ని మరో విధంగా మార్చింది. వినికిడిని కొలిచే ఆడియోమీటర్ 1920లలో పాశ్చాత్య దేశాల్లో వాడుకలోకి వచ్చి, ‘కొంచెం వినబడదు’ అన్న ఇంటి మాటను డెసిబెల్ అనే అంకెగా మార్చింది. డెసిబెల్ ధ్వని తీవ్రతకు కొలమానం. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. పరీక్ష ఫలితాన్ని గీసి చూపే పటమే ఆడియోగ్రామ్. లోపం తరచు ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర, అంటే సన్నని ధ్వనుల దగ్గర మొదలవుతుంది కనుక అచ్చులు వినబడుతూనే ఉంటాయి. స, శ, చ, త వంటి హల్లులు జారిపోతాయి. మాట వినబడుతోంది కాని అర్థం కావడం లేదని అటువంటివారు చెప్పేది ఇందువల్లనే. వినకపోవడం పరధ్యానంగా, పొగరుగా, కొత్త కోడలి విషయంలో నిర్లక్ష్యంగా కనబడేది కూడా ఇందువల్లనే.

కారణాల్లో ఓటోస్క్లెరోసిస్ ఒకటి. మధ్యచెవిలోని స్టేపిస్ అనే అతి చిన్న ఎముక బిగుసుకుపోయే ఈ వ్యాధి సాధారణంగా ఇరవై ముప్పయి ఏళ్ల వయసులో, స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. సరిగ్గా పెండ్లి, కాన్పుల వయసది. 1956లో అమెరికా వైద్యుడు జాన్ షే ఆ ఎముకను తొలగించి కృత్రిమమైనదాన్ని అమర్చే శస్త్రచికిత్స చేసిన తరువాత ఇది చాలా వరకు సరిదిద్దగలిగే లోపమైంది. క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్ సూదులు, మానని చెవి చీము, కర్మాగారాల చప్పుడు మిగతా ప్రధాన కారణాలు. మేడ్చల్, జీడిమెట్ల పారిశ్రామికవాడలు వచ్చాక చివరిది ఈ ప్రాంతానికి దగ్గరైంది. చప్పుడు వల్ల కలిగే చెవుడును కర్మాగారాల చట్టం ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తివ్యాధిగా గుర్తించింది. పరీక్షలకు ఈ గ్రామాలవారు కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లేవారు. మేడ్చల్ దారిలోనే, బోయిన్‌పల్లి దగ్గరి మనోవికాస్‌నగర్‌లో వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఏర్పడింది. 1983లో బొంబాయిలో స్థాపించిన ఆ సంస్థకు పేరునిచ్చిన అలీ యావర్ జంగ్ హైదరాబాదీయే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసినవాడే.

చెప్పడానికి జంకడం ఈ దేశానికే ప్రత్యేకం కాదు. చెవిటివాడినని చెప్పలేక మనుషులకు దూరంగా తిరుగుతున్నానని బీథోవెన్ 1801లో మిత్రుడికి రాశాడు. అతడు అవివాహితుడిగానే మరణించాడు. వినికిడి లేని మేబెల్‌ను 1877లో పెండ్లాడిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ మాత్రం, ఆరేళ్లు దాటాక, బధిరులు బధిరులను పెండ్లాడడం ప్రమాదమని వాదించాడు. 1898లో పరిశోధకుడు ఎడ్వర్డ్ ఫే బధిరుల వివాహాలను నాలుగు వేలకు పైగా పరిశీలించి, అటువంటి దంపతుల పిల్లల్లో అత్యధికులకు వినికిడి ఉందని చూపి ఆ భయానికి సమాధానమిచ్చాడు.

స్వతంత్ర భారతంలో ఈ దాపరికానికి చోటు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో దొరికింది. సమ్మతిని మోసంతో పొందితే వివాహాన్ని రద్దు చేయవచ్చని 1955 చట్టం అన్నప్పుడు న్యాయస్థానాలు మోసాన్ని ఇరుకుగా అర్థం చేసుకున్నాయి. 1976 సవరణ, ప్రతివాదికి సంబంధించిన ‘ముఖ్యమైన వాస్తవం లేదా పరిస్థితి’ విషయంలో జరిగిన మోసాన్ని కూడా చేర్చి ఆ తలుపు వెడల్పు చేసింది. మోసం బయటపడిన ఏడాది లోపల పిటిషన్ వేయాలి. తెలిసిన తరువాత కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ హక్కు పోతుంది. విడాకుల కారణాల్లో చెవుడు ఏనాడూ లేదు. కుష్ఠు ఉండేది, దాన్ని 2019లో తొలగించారు. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలోనూ చెవుడు ప్రస్తావన లేదు. అంటే లోపం తప్పు కాదు, దాచడం తప్పు కావచ్చు. యాజ్ఞవల్క్యుడు చెప్పినదానికి ఇది దూరం కాదు.

ఇంతలో ఈ ప్రాంతపు రూపమే మారిపోయింది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేట ప్రాంగణానికి వచ్చింది; 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం మొదలైంది; తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, మేడ్చల్ చుట్టూ ఇంజినీరింగ్ కళాశాలలు వెలిశాయి. తమ జోడీని తామే ఎంచుకునే యువతీయువకులు తొలిసారి పెద్ద సంఖ్యలో ఇక్కడ కలుసుకున్నారు. ఇష్టపడి తిరగడం, కొన్నాళ్లు ఒకరినొకరు తెలుసుకోవడం మొదలయ్యాక కన్యాదాత, మధ్యవర్తి, కులపెద్ద ముగ్గురూ తప్పుకున్నారు. చెప్పవలసిన బాధ్యత పూర్తిగా లోపమున్న మనిషి మీదే పడింది. చెవిలోపలే ఇమిడిపోయే వినికిడి యంత్రం దాచడాన్ని సులభం చేసింది. చప్పుడెక్కువగా ఉన్న హోటలు, వెలుతురు తక్కువైన సినిమా హాలు, చీకట్లో బండి మీద వెనక కూర్చుని చెప్పే మాట మాత్రం దాచనివ్వవు. 2020లో మాస్కులు పెదవులను కప్పేయడంతో, వాటిని చూసి నెట్టుకొచ్చిన అనేకుల గుట్టు ఒక్కసారిగా బయటపడింది.

శామీర్‌పేటకు ఈ చరిత్రలో మరో పాత్ర ఉంది. వివాహం చేసుకుని కుటుంబం ఏర్పరచుకునే హక్కును 23వ అధికరణంలో చేర్చిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించాక, కొత్త వైకల్య చట్టం రాయడానికి 2010లో సుధా కౌల్ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. దానికి న్యాయ సలహాదారు నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం. అమితా ధండా ఆ పనికి నాయకత్వం వహించారు. 2011లో ఇచ్చిన ఆ ముసాయిదా చాలా మార్పులకు లోనై 2016 చట్టంగా వెలువడి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టముంటే బధిరుడని, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువగా ఉన్నవాడని నిర్వచించింది. 45 డెసిబెల్స్ కోల్పోయి, యంత్రం లేనిదే తరగతి గదిలో పాఠం అందని విద్యార్థికి ఆ లెక్కలో స్థానం లేదు.  40 శాతం వైకల్యం తేలితేనే దక్కే రాయితీలు అతడికి అందవు. వివాహ చట్టం 12వ సెక్షన్ మాత్రం డెసిబెల్స్ అడగదు. వైకల్య చట్టం లోపంగా లెక్కించనిది వివాహ చట్టం ముందు ముఖ్యమైన వాస్తవంగా నిలబడవచ్చు. ఈ రెండు చట్టాల మధ్య చిక్కుకున్నవారు ఆడియోగ్రామ్‌ను పెండ్లి మాటల కన్నా ముందే ఎదుటివారి చేతిలో పెట్టడం న్యాయపరంగానూ క్షేమకరం.