సూటిగా ఎగిరే బాణం: మన పెద్దల లెక్క

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం వస్తే బడిలో మన పిల్లలకు వేసే వేషం ఒక్కటే. తలకు ఈక, చేతిలో విల్లు. వెదురు బద్ద వంచి తాడు కట్టి, చీపురుపుల్ల సంధిస్తే బాణం అయిపోయిందనుకుంటాం. వదిలితే ఆ పుల్ల నాలుగడుగులు పోయి పల్టీ కొట్టి పడుతుంది. చూసేవాళ్ళు నవ్వుతారు, మన పిల్లలూ నవ్వుతారు. అసలు బాణం అలా ఎందుకు పడదో మాత్రం వాళ్ళకు ఎవరూ చెప్పరు. వేషం మిగిలింది, విద్య పోతోంది. ఆ విద్య గురించీ, దాని చరిత్ర గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మేము పాఠాలు చెప్పే పల్లెలకు శ్రీ సిటీ దగ్గర. 2008లో సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల నేల మీద ఆ పారిశ్రామిక నగరం మొదలైంది. ఈ ప్రాంతం చరిత్ర అక్కడి నుంచే మొదలైందని మన పిల్లల్లో చాలామంది నమ్ముతున్నారు. కానీ ఇక్కడికి దక్షిణాన, సరిహద్దు దాటితే తిరువళ్ళూరు జిల్లాలో అత్తిరంపాక్కం ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ రాతి పనిముట్లు గుర్తించాడు. వాటిలో అతి పాతవి పదిహేను లక్షల ఏళ్ళ నాటివని ఇటీవలి పరిశోధన తేల్చింది. అవి చేతిగొడ్డళ్ళు. అప్పటికి విల్లు లేదు. ఎన్నో వేల తరాల తర్వాత మనిషి చిన్న చిన్న రాతి పలుకులు చెక్కి పుల్లల కొనలకు బిగించడం నేర్చాడు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్క గుహల గోడల మీద విల్లు పట్టిన వేటగాళ్ళ బొమ్మలు ఈనాటికీ కనిపిస్తాయి. రాజులూ కోటలూ పుట్టకముందే విల్లు మనిషి చేతిలో ఉంది.

మన పక్కనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కొండ మీద కన్నప్ప గుడి చూడని వాళ్ళు మనలో తక్కువ. వేటగాడు తిన్నడు కన్నప్ప అయిన కథను పన్నెండో శతాబ్దంలో తమిళంలో సేక్కిళార్ పెరియ పురాణంలో చెప్పాడు. పదహారో శతాబ్దంలో తెలుగులో ధూర్జటి చెప్పాడు. అందరికీ గుర్తుండేది తిన్నడు కన్ను పెకలించి ఇచ్చిన ఘట్టమే. కానీ తిన్నడికి చిన్నప్పుడు విలువిద్య నేర్పించిన సంగతి పెరియ పురాణంలో వివరంగా ఉంది. అంటే వేటగాళ్ళ పల్లెలో విలువిద్య ఊరికే వచ్చేది కాదు. దానికి గురువు ఉండేవాడు, నేర్చుకునే కాలం ఉండేది, పద్ధతి ఉండేది.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. పులికాట్ ఒడ్డు యానాదులకు విల్లు కన్నా వల, బుట్ట, పలుగు దగ్గర. చేపల జాడ, ఎలుక కలుగు, మందు వేరు మన విద్యలు. విల్లును ఎక్కువ కాలం నిలబెట్టుకున్నది నల్లమల చెంచులు. 1940 ప్రాంతంలో వాళ్ళ మధ్య ఉండి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ 1943లో వాళ్ళ మీద పుస్తకం తెచ్చాడు. అహోబిలంలో పారువేట ఉత్సవానికి చెంచులు విల్లంబులతో స్వామిని ఎదుర్కోవడం ఇప్పటికీ ఆచారం.

ఇక అసలు విషయం. విల్లు బలంగా ఉంటే చాలు, బాణం పోతుందనుకుంటారు. విల్లు ఎంత మంచిదైనా బాణం దానికి కుదరకపోతే గురి కుదరదు.

బాణం విల్లు నడుమ నుంచి పోదు, పక్క నుంచి పోతుంది. తాడేమో విల్లు నడుమ వైపుకే లాక్కుపోతుంది. మరి బాణం పక్కకు పోవాలి కదా? పోదు. తాడు నెట్టగానే పుల్ల కొద్దిగా వంగి, విల్లును చుట్టుకుని, అవతల మళ్ళీ అటు వంగి, ఇటు వంగి, చేప ఈదినట్టు పోయి నిలకడకు వస్తుంది. మన కంటికి ఇది కనపడదు. 1930లలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ వేగంగా బొమ్మలు తీసే కెమెరాతో దీన్ని పట్టుకున్నాడు. ఆ కెమెరా లేని కాలంలోనే వేటగాళ్ళు పుల్లను వేళ్ళ మధ్య వంచి చూసి, ఇది ఈ వింటికి పనికొస్తుంది, ఇది రాదు అని ఏరేవాళ్ళు.

పుల్ల మరీ బిరుసైతే వంగదు. కుడిచేత్తో తాడు లాగేవాడి బాణం అప్పుడు ఎడమకు పోతుంది. మరీ మెత్తనైతే కుడికి పోతుంది. సరిచేసే దారులు రెండు. ములికి బరువు పెంచితే పుల్ల మెత్తబడినట్టు నడుస్తుంది. పుల్ల పొడవు కొంచెం కోస్తే బిరుసెక్కినట్టు నడుస్తుంది. కొంచెం కొంచెంగానే కోయాలి, కోసింది మళ్ళీ రాదు.

వెదురు నీడలో ఆరాలి. వంకర ఉంటే నిప్పుల సెగ మీద వెచ్చజేసి చేత్తో ఒత్తి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. కంటి ముందు పెట్టి తిప్పి చూస్తే వంకర ఎక్కడుందో తెలుస్తుంది. తాడు పట్టే గాడి కణుపుకు దగ్గరగా పెడితే పుల్ల చీలదు.

ఈకలది మరో లెక్క. ఒక బాణానికి కట్టే ఈకలన్నీ ఒకే వైపు రెక్కవి కావాలి. కుడి రెక్క ఈక వంపు ఒక తీరు, ఎడమ రెక్కది ఇంకో తీరు. రెండూ కలిపి కడితే ఒకటి అటు తిప్పుతుంది, ఒకటి ఇటు తిప్పుతుంది. ఒకే వైపువైతే బాణం తన చుట్టూ తాను తిరుగుతూ నిలకడగా పోతుంది. పెద్ద ఈక త్వరగా నిలకడ తెస్తుంది, కానీ వేగం తింటుంది.

బాణం కుదిరిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. ఈకలున్న బాణాలు మూడు, ఈకల్లేని పుల్ల ఒకటి, అన్నీ ఒకే తీరువి తీసుకుని ఒకే గురికి వేయాలి. ఈక చిన్న తప్పును కప్పేస్తుంది, ఉత్త పుల్ల కప్పదు. ఉత్త పుల్ల మిగతా వాటికి ఎడమగా పడితే బిరుసు, కుడిగా పడితే మెత్తన. కిందుగా పడితే తాడు మీద బాణం పెట్టే చోటు మరీ పైకి ఉన్నట్టు, పైగా పడితే మరీ కిందికి ఉన్నట్టు. చోటు మరీ కిందికైతే ఈక చేతిని గీరుతుంది కూడా. అన్నీ ఒక్కచోట పడే దాకా సరిచేసుకుంటూ పోవాలి. గమనించడం, ఊహించడం, ఒక్కటి మార్చి మళ్ళీ చూడటం. సైన్సు పుస్తకంలో ప్రయోగ పద్ధతి అని మనం చెప్పేది ఇదే.

ఈ విద్య ఎలా పోయింది? దానంతట అది పోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైంది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ పాకింది. యెరుకలతో పాటు యానాదుల్లో కొందరికీ ఆ ముద్ర పడింది. పుట్టుకతోనే దొంగ అన్నవాడి చేతిలో విల్లు కనిపిస్తే ఊరుకుంటారా? ఆ చట్టం 1952లో రద్దైంది, అనుమానపు చూపు మాత్రం అంత త్వరగా పోలేదు. 1972 వన్యప్రాణి చట్టం వేటను ఆపింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఎన్నో హక్కులు గుర్తించింది, వేటను మాత్రం మినహాయించింది. అడవి జంతువులు తగ్గిపోయిన ఈ కాలంలో వేట ఆగడం మంచిదే, మేము దాన్ని తిరిగి రమ్మనడం లేదు. వేట ఆగితే విద్య కూడా ఆగాలా అన్నదే మా ప్రశ్న.

శ్రీహరికోట చూడండి. యానాదులు తరతరాలుగా తేనె, దుంపలు, మూలికలు ఏరుకున్న దీవి అది. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని తీసుకున్నాక చాలా కుటుంబాలు బయటికి వచ్చేశాయి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. ఆ చిన్న రాకెట్ల తోక దగ్గర రెక్కలుంటాయి. బాణానికి ఈకలు చేసే పనే అవి రాకెట్‌కు చేస్తాయి. బరువు ముందు, రెక్క వెనక అన్న సూత్రం రెండింటికీ ఒకటే. ఈ పోలిక బడిలో చెబితే భౌతికశాస్త్రం మన పిల్లలకు పరాయిది కాదు.

ఆటలోనూ దారి ఉంది. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబారాం వెదురు విల్లు నుంచి మొదలై 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో ఆడాడు. 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. వాళ్ళ విల్లులు వేరు, ఖరీదు వేరు. కానీ పుల్ల బిరుసు, ములికి బరువు చూసుకోకుండా ఏ క్రీడాకారుడూ బరిలోకి దిగడు. ఏకలవ్యుడి బొటనవేలు కథ మన పిల్లలకు తెలుసు. ఈనాటి ఒలింపిక్ విలుకాళ్ళు తాడును లాగేది బొటనవేలితో కాదు, మిగతా మూడు వేళ్ళతో. ఇది కూడా వాళ్ళకు తెలియాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి ఆగస్టు 9కి వేషం బదులు ఒక గడ్డిమోపు కట్టండి. వెదురు తెలిసిన పెద్దాయనను బడికి పిలవండి. ఈకలకు పక్షుల జోలికి పోనక్కర్లేదు, బాతువి, టర్కీ కోడివి రాలినవి చాలు. గురి ముందు ఎవరూ నిలబడకుండా, పెద్దల కళ్ళ ముందే వేయించండి. ఏ బాణం ఎటు పోయిందో పిల్లల చేత పుస్తకంలో రాయించండి. యువకులారా, శ్రీ సిటీ కంపెనీలో మీరు మిల్లీమీటరు తేడా కొలిచేటప్పుడు గుర్తు పెట్టుకోండి, ఆ చూపు మనకు కొత్త కాదు. తాతల పేర్లు ఏ రికార్డులోనూ లేకపోవచ్చు, వాళ్ళ లెక్క మాత్రం తప్పు కాదు. దాన్ని రాసి పెట్టుకోవడం ఇప్పుడు మన పని.