గెలాక్సీకి తోక మొలిపించిన ఎదురుగాలి

1953లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు హంస రాశిలోని సిగ్నస్-ఎ అనే గెలాక్సీ మీద దృష్టి పెట్టారు. ఒకరు రోజర్ జెన్నిసన్, మరొకరు బెంగాలీ అయిన మృణాల్ కుమార్ దాస్‌గుప్తా. గెలాక్సీ నడిబొడ్డు నుంచి వస్తున్నాయనుకున్న రేడియో తరంగాలు, దానికి ఇరుపక్కలా ఎంతో దూరాన ఉన్న రెండు చోట్ల నుంచి వస్తున్నట్టు వాళ్లు తేల్చారు. ఖాళీ ఆకాశంలో అంత శక్తి ఎక్కడిది? కేంద్రంలోని భారీ కృష్ణబిలం చెరో దిక్కుకూ చిమ్మే జెట్‌లే దాన్ని మోసుకెళ్తున్నాయన్న వివరణ కుదురుకోవడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

1974లో కేంబ్రిడ్జిలో బెర్నీ ఫనారాఫ్, జూలియా రైలీ 57 రేడియో మూలాలను వరుసపెట్టి చూసి రెండు జాతులుగా విడదీశారు. గెలాక్సీకి దగ్గర్లో వెలిగి, పోనుపోను మసకబారేవి ఎఫ్ఆర్-1. కన్య రాశిలోని ఎమ్87 ఆ కోవదే. చివరి అంచుల్లో భగ్గుమనేవి ఎఫ్ఆర్-2. సిగ్నస్-ఎ దీనికి పెద్ద ఉదాహరణ. బలహీనమైనవి దాదాపు అన్నీ మొదటి గుంపులో, బలమైనవి రెండో గుంపులో చక్కగా సర్దుకున్నాయి.

మరి తేడా అంతా కృష్ణబిలం సత్తువలోనే ఉందా? కాదనడానికి సాక్ష్యం అప్పటికే చేతిలో ఉంది.

పర్సియస్ అనే గెలాక్సీల గుచ్ఛంలోని ఎన్‌జీసీ 1265 గెలాక్సీ జెట్‌లు రెండూ ఒకే పక్కకు వంగి, బొగ్గు రైలింజను పొగలా వెనక్కి సాగి ఉంటాయి. 1968లో మార్టిన్ రైల్, విండ్రమ్ ఈ తోకను చూసి, పొరుగున ఉన్న ఎన్‌జీసీ 1275 నుంచి ఏదో ప్రవాహం వీస్తోందని ఊహించారు. ఊహ తప్పింది. నెదర్లండ్స్‌లోని వెస్టర్‌బార్క్ టెలిస్కోప్‌తో మైలీ బృందం 1972లో అసలు సంగతి చెప్పింది: గాలి వీయడం లేదు, గెలాక్సీయే గుచ్ఛంలోని వాయువును చీల్చుకుంటూ సెకనుకు 2,000 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోతోంది. ఆ వాయువు కోట్ల డిగ్రీల వేడిది, అతి పలుచనిది. అయినా జెట్‌లను వంచేసింది.

తర్వాత లెక్కలు తీస్తే, మనకు దగ్గరి విశ్వంలో ఎఫ్ఆర్-1లు కిక్కిరిసిన గుచ్ఛాల్లో ఎక్కువ, ఎఫ్ఆర్-2లు పలుచటి పరిసరాల్లో ఎక్కువ అని తేలింది. దట్టమైన చోట జెట్ చుట్టూ ఉన్న వాయువును తనలో కలుపుకుని, బరువెక్కి, వేగం తగ్గి చెదిరిపోతుంది. వినడానికి బాగుంది. కానీ ఎఫ్ఆర్-2లకు పెద్దన్న లాంటి సిగ్నస్-ఎ ఉన్నది గెలాక్సీల గుచ్ఛంలోనే! జెట్‌కు తగినంత బలముంటే దట్టమైన వాయువునూ దాటుకుపోతుందన్నమాట. విశ్వం చిన్న వయసులో ఉన్నప్పటి ఎఫ్ఆర్-2లు గుచ్ఛాల్లోనూ కనిపిస్తున్నాయి.

ఈ వాదనలో అన్నిటికన్నా గడుసైన మలుపు మన దేశం నుంచి వచ్చింది. పుణెలోని గోపాల్ కృష్ణ, అమెరికాలోని పాల్ వీటా 2000లో, ఒక పక్క ఎఫ్ఆర్-1గా, మరో పక్క ఎఫ్ఆర్-2గా కనిపించే గెలాక్సీలను చూపించారు. ఒకే కృష్ణబిలం, రెండు రకాల జెట్‌లు. అయితే తేడా బయటి వాయువుదే కావాలి. 2020లో మరింత నిశితంగా పరిశీలిస్తే, అలాంటివాటిలో కొన్ని నిజానికి వంగిన ఎఫ్ఆర్-2లే, మనం చూసే కోణం వల్ల అలా కనిపిస్తున్నాయని తేలింది. ఆ వాదన కొంత పలచబడింది గానీ కూలిపోలేదు.

యూరప్‌లోని లోఫార్ టెలిస్కోప్ 2019 నాటికి బలహీనమైన ఎఫ్ఆర్-2లనూ బోలెడన్ని పట్టుకుంది. అంటే 1974లో గీసిన శక్తి గీత ఒక్కటే ఇప్పుడు సరిపోదు. గెలాక్సీలో జెట్ దాటాల్సిన వాయువెంత, బయట గుచ్ఛం ఎంత చిక్కనిది అన్నదీ లెక్కలోకి రావాల్సిందే. మన దేశంలో జీఎంఆర్‌టీ టెలిస్కోప్ తీసిన ఆకాశ పటాల్లో ఇలాంటి వింత రేడియో గెలాక్సీలను వెతికే 'రాడ్ ఎట్ హోమ్' అనే పౌర విజ్ఞాన బృందం 2013 నుంచి నడుస్తోంది. సైన్సు చదువుకున్న తెలుగు కుర్రకారు అందులో చేరి ఓ చెయ్యి వేయవచ్చు.