ఒకే ఒక్క పుస్తకం

ఏళ్ల తరబడి కవిత్వం చదివీ రాసీ, ఒకరోజు అనుమానం వస్తుంది: ఆ పిచ్చి ఇంకా ఉందా, పోయిందా? ఏమీ రాయక నెలలైతే మరీను.

అప్పుడు నాకు అజంతా గుర్తొస్తారు. అసలు పేరు పెనుమర్తి విశ్వనాథశాస్త్రి, పుట్టింది 1929లో. వృత్తి పత్రికా రచన, అంటే రోజూ గడువులోగా తెమల్చాల్సిన వాక్యాలు. కవిత దగ్గర మాత్రం ఆయన ఏ గడువూ పెట్టుకోలేదు. రాసిందే కొద్ది. ఏకైక సంపుటి ‘స్వప్నలిపి’ 1993లో వచ్చేసరికి ఆయనకు 60 దాటాయి. దానికి 1997లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడే ఆయన వెళ్లిపోయారు.

అన్నేళ్లూ ఆయనకు కవిత్వమంటే ఇష్టం తగ్గిందని ఎవరనగలరు? రాయని నెలలు లెక్కపెట్టుకోనక్కర్లేదు. మంచి వాక్యం ఎదురైతే ఇంకా ఆగిపోతున్నామా? అదొక్కటీ చూసుకుంటే చాలు.