ముప్ఫై డాలర్ల ఇరవై రెండు సెంట్లు

ఫోన్ ఉచితం అన్నారు. 2002లో కాలిఫోర్నియాలో ఒక జంట ఆ మాట నమ్మి సెల్‌ఫోన్ సర్వీసు తీసుకున్నారు. ఫోన్‌కి పైసా అడగలేదు, నిజమే. దాని అసలు ధర మీద అమ్మకం పన్ను మాత్రం వసూలు చేశారు, 30 డాలర్ల 22 సెంట్లు. ఎద్దును ఊరికే ఇచ్చి, పలుపుతాడుకి ఖరీదు కట్టినట్టు.

మనమైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాళ్లం. ఆ దంపతులు 2006లో ఫెడరల్ కోర్టుకెక్కారు. తమలాగే పన్ను కట్టినవాళ్లందరి తరఫునా కలిపి నడిపే క్లాస్ యాక్షన్ దావా అది. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన ఏడో సవరణ, 20 డాలర్లు దాటిన తగాదాకి జ్యూరీ విచారణ హక్కు ఇచ్చింది. ఆ అంకెను ఇప్పటికీ ఎవరూ మార్చలేదు. ముప్ఫై అంటే ఇరవై కన్నా ఎక్కువే కదా!

ఎటి అండ్ టి చేతికి మారిన ఆ ఫోన్ కంపెనీ కోర్టు ముందు ఒప్పంద పత్రం పెట్టింది. తగువు వస్తే కోర్టుకు కాదు, మధ్యవర్తి దగ్గరికి రావాలి. ఎవరికి వారే రావాలి, గుంపుగా రాకూడదు. కంపెనీ చివరిగా ఇస్తానన్న దానికన్నా మధ్యవర్తి ఎక్కువ ఇప్పిస్తే కనీసం 7,500 డాలర్లు చెల్లిస్తామనీ అందులో ఉంది. అది చెప్పకపోతే అన్యాయం. అయితే కంపెనీ ముందే ఆ ముప్ఫై చేతిలో పెట్టేస్తే సరి, ఏడున్నర వేల ఆశ అక్కడే ఆరిపోతుంది. పన్ను కట్టిన మిగతా వాళ్ల ఊసే ఉండదు.

చలిచీమలన్నీ ఒక్కటైతే ఎంతటి పాముకైనా ఏ గతి పడుతుందో మనకు చిన్నప్పుడే బళ్లో చెప్పారు. ఈ పాము చదువుకున్న పాము. చీమలు ఒక్కొక్కటిగానే రావాలని ముందుగానే కాగితం మీద రాయించుకుంది.

ఇలాంటి షరతు చిన్న మొత్తాల వ్యవహారాల్లో చెల్లదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. దాన్ని పట్టుకుని కింది కోర్టులు రెండూ దంపతుల వైపే నిలిచాయి. 2011 ఏప్రిల్ 27న అమెరికా సుప్రీంకోర్టు 5-4తో అదంతా తిరగరాసింది. తీర్పు రాసింది జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా. రాష్ట్రం మాట కన్నా 1925 నాటి ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) చట్టమే పైదన్నారు. వర్తక సంఘాలు పట్టుబట్టి తెచ్చుకున్న చట్టమది. ముప్ఫై డాలర్ల కేసును ఏ వకీలు ఒప్పుకుంటాడని జస్టిస్ బ్రేయర్ తన అసమ్మతిలో అడిగారు. అడగడమే మిగిలింది.

మన దగ్గర, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల ఫోరం తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఆ తలుపు లోపల వాయిదాల సంగతి వేరే కథ. కానీ శంషాబాద్‌లో విమానమెక్కి డల్లాస్‌లో దిగిన పిల్లాడు మొదటి వారంలోనే సిమ్ కార్డుకీ బ్యాంకు కార్డుకీ 'ఐ అగ్రీ' మీద వేలు పెడతాడు. దాని పైన ఎన్ని పేజీలున్నాయో చూడడు. చూసినా చేసేదేముంది? పక్క కంపెనీ కాగితంలోనూ చాలాసార్లు అదే షరతు.

అమెరికాలో ఒక్కసారి మాత్రం గాలి మారేలా కనిపించింది. బ్యాంకులు, క్రెడిట్ కార్డు కంపెనీలు ఈ షరతుతో సామూహిక దావాలను అడ్డుకోకూడదని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2017 జులైలో నిబంధన తెచ్చింది. 14 కోట్ల మందికి పైగా అమెరికన్ల వివరాలు క్రెడిట్ చరిత్రలు భద్రపరిచే ఈక్విఫాక్స్ సంస్థ నుంచి దొంగల పాలైన సంగతి ఆ సెప్టెంబరులోనే బయటపడింది. జనం మండిపడుతున్న ఆ రోజుల్లోనే, అక్టోబరు 24 రాత్రి, ఆ నిబంధన రద్దు మీద సెనేట్‌లో ఓటింగు జరిగింది. 50-50. ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ తన ఒక్క ఓటూ రద్దుకే వేశాడు.

నవంబరు 1న ట్రంప్ సంతకం పెట్టాడు.