మత్తడి మీద నీటి మడతలు

చెరువు నిండి అలుగు పారితే మన తెలంగాణలో ‘మత్తడి దూకింది’ అంటారు. రఘునాథపల్లి నుంచి జనగామ దాకా ఏ ఊరివారికైనా అది పండుగ కబురే. ఆ పండుగలో ఒక వింత ఉంది. పైన చెరువు నిశ్చలంగా ఉంటుంది. గాలి ఉండదు, రాయి వేసినవారుండరు. అయినా ఏటవాలు మీద పలుచగా, వడిగా జారే నీరు ఒక్కోచోట అడ్డంగా మడతలు పడి, ఒకదాని వెనుక ఒకటిగా అలలై దిగుతుంది. వానలో వాలు రోడ్డు మీద కూడా ఈ దృశ్యం కనిపిస్తుంది.

చెరువు శాస్త్రం మనకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలోని 1369 నాటి శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. ఈ మడతల మాట మాత్రం అందులో లేదు.

వాటిని శ్రద్ధగా గమనించి ఛాయాచిత్రాలు తీసినవాడు ఇంగ్లండుకు చెందిన వాన్ కార్నిష్. ఆల్ప్స్ పర్వతాల రాతి కాలువలలో తాను చూసిన అలలను 1910 నాటి గ్రంథంలో వర్ణించాడు. కారణాన్ని గణితంతో చెప్పినవాడు హెరాల్డ్ జెఫ్రీస్, 1925లో.

ఆ కారణం ఇది. నేల రాపిడి పలుచని నీటిని ఎక్కువగా, లోతైన నీటిని తక్కువగా ఆపుతుంది. కనుక కాస్త ఉబ్బిన చోట నీరు వడిగా కదులుతుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఇంజనీరు షెజీ సూత్రం ప్రకారం ఆ ఉబ్బు ప్రవాహానికి ఒకటిన్నర రెట్ల వేగంతో దిగుతుంది. మామూలు అల ఆ ఉబ్బును ముందుకు చెదరగొట్టి చదును చేయాలి. పది సెంటీమీటర్ల లోతులో నిలిచిన నీటి మీద అల వేగం సెకనుకు సుమారు ఒక మీటరు. ప్రవాహం రెండు మీటర్లు దాటిందా, ఉబ్బే అలను మించిపోతుంది. ఇక చదును చేసేది లేదు. ఉబ్బు పెరుగుతూ పోతుంది. అలా పెరిగిన అలల ముందుభాగం నిటారుగా విరిగి, వెనుకభాగం మెల్లగా వాలుతుందని 1949లో డ్రెస్లర్ లెక్కగట్టి చూపాడు.

ఇది కేవలం వినోదం కాదు. సగటు లోతును బట్టి కాలువ గోడ కడితే, అల శిఖరం దాన్ని దాటిపోవచ్చు. పొంగే కల్వర్టును దాటబోయే మనిషి సంగతీ అంతే. చీలమండ లోతే కదా అని అతను చూసుకున్నది మడతకూ మడతకూ నడుమనున్న నీటిని. కాలు ఎత్తేసరికి వచ్చేది మడత.