'గివెన్'కూ 'అప్'కూ నడుమ

బండి ఆత్మకూరు నుంచి తమ్ముడు వరసయ్యే కుర్రాడు ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, నాయన బీడీలు పూర్తిగా మానేసినాడని ఇంగ్లీషులో రాయాల. 'హి హ్యాజ్ కంప్లీట్లీ గివెన్ అప్ స్మోకింగ్' అంటే ఒప్పంట. 'గివెన్ కంప్లీట్లీ అప్' అంటే తప్పంట. ఎందుకో ఎవురూ చెప్పరు." నేనుండే లెస్టర్ ఊరి చరిత్రలోనే జవాబు సగం ఉంది. అందుకే వాడికి చెప్పింది అందరికీ రాస్తున్నాను.

ముందు 'హ్యాజ్' సంగతి. మొదట్లో పాత ఇంగ్లీషులో 'హ్యావ్' అంటే దగ్గర ఉంచుకోవడం. ఉత్తరం రాశానని చెప్పాలంటే 'రాసి ఉన్న ఉత్తరం నా దగ్గర ఉంది' అనే తీరులో చెప్పేవారు. 'హ్యావ్'కూ రెండో క్రియకూ నడుమ ఉత్తరం నిలిచేది. శతాబ్దాలు గడిచేసరికి ఉత్తరం క్రియ వెనక్కి జరిగింది. అయినా ఆ రెండు మాటలూ అతుక్కుపోలేదు. 'జస్ట్', 'ఆల్రెడీ', 'నెవర్', 'కంప్లీట్లీ' ఇప్పటికీ ఆ సందులోకి వచ్చి చేరతాయి.

ఇక 'గివ్ అప్'. దానికి డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన డేన్ల కథ కొంత చెప్పాలి. 865లో డేన్ల పెద్ద సైన్యం ఇంగ్లండులో దిగింది. లెస్టర్, డెర్బీ, లింకన్, నాటింగ్‌హామ్, స్టామ్‌ఫర్డ్ వాళ్ల ఐదు కోట ఊళ్లయ్యాయి. మా నడిబజారులో చర్చ్‌గేట్, గాలోట్రీ గేట్ అనే వీధులున్నాయి. ఆ 'గేట్' తలుపు కాదు, డేన్ల భాషలో వీధి. దోచుకోవడానికి వచ్చినవాళ్లు ఇక్కడే సేద్యం చేసుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. 'దే', 'దెమ్', 'టేక్' వాళ్ల మాటలే. క్రియ తర్వాత చిన్న మాట తగిలించి అర్థం మార్చడం వాళ్లకు బాగా అలవాటు. పాత ఇంగ్లీషులో అలాంటి మాటలు ఎక్కువగా క్రియకు ముందే అతికేవి. అవి వెనక్కి మళ్లడానికి డేన్ల సావాసం కూడా తోడైందని కొందరు పండితులంటారు. లెస్టర్ వీధుల్లో తిరిగేవాడిగా నాకది నమ్మబుద్ధవుతుంది.

1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. కొలువులో, కచేరీలో ఫ్రెంచి చేరింది. 'సరెండర్', 'ఎంటర్', 'కంటిన్యూ' ఆ దారిన వచ్చినవే. పొలాల్లో మాత్రం 'గివ్ అప్', 'గో ఇన్', 'గో ఆన్' బతికాయి. పీటర్‌బరో మఠంలో 1154 దాకా సంవత్సరాల వృత్తాంతం ఇంగ్లీషులోనే రాశారు. స్టీఫెన్ రాజు బిషప్పులను చెరలో పెట్టాడని, కోటలు అప్పగించేదాకా వదల్లేదని అందులో ఉంది. ఆ 'అప్పగించారు'కు సన్యాసి వాడింది ఇప్పటి 'గేవ్ అప్'కు పాత రూపమే. ఫ్రెంచి దొరల రాజ్యంలో, దొరల కోటల గురించే, రైతు నోటి మాట! నాకీ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది.

అలా 'గివ్ అప్' ఒకే అర్థంగా గట్టిపడింది. నడుమ వస్తువుకు చోటుంది కాబట్టి 'గివెన్ ఇట్ అప్' అనొచ్చు. 'కంప్లీట్లీ'కి మాత్రం లేదు. అది 'హ్యాజ్' పక్కనో, వాక్యం చివరో నిలవాలి. చిన్న మాటకు దిక్కు అనే అర్థం మిగిలి ఉంటే సంగతి వేరు: 'దే హ్యావ్ వాక్డ్ స్లోలీ బ్యాక్' తప్పు కాదు. మన భాషలోనూ ఈ కట్టుబాటుంది. 'మానేసినాడు' అంటే మాని, వేసినాడు. 'మాని పూర్తిగా వేసినాడు' అని బండి ఆత్మకూరులో ఎవరైనా అంటారా?

శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువు ముందుమాటలోనే, పరదేశులకు అన్నిటికంటే కష్టం ఈ జంట క్రియలతోనని రాశాడు. 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో గానీ పుస్తకాలకెక్కలేదు. మా బండి ఆత్మకూరు ఉన్న కర్నూలు నవాబు సీమను ఈస్టిండియా కంపెనీ కలుపుకున్నది 1839లో. అంటే మనకు ఇంగ్లీషు వచ్చేనాటికి ఈ చిక్కు తెలిసిందే, పేరు మాత్రం లేదు. లాటిన్ అచ్చులో పోసిన వ్యాకరణాలతో మన బళ్లు కచేరీ ఇంగ్లీషునే నేర్పాయి. అందుకే మన పిల్లలకు 'డిస్‌కంటిన్యూ' తేలిగ్గా వస్తుంది, 'గివ్ అప్' దగ్గర చెయ్యి ఆగుతుంది. రూలు చెప్పే మాస్టార్లు దాంతోపాటు డేన్ల కథా, పీటర్‌బరో సన్యాసి కథా చెప్పాలి. అందుకు ఒక్క పీరియడ్ చాలు.