నివాసకాల వితరణ: ట్రేసర్‌తో కొలత

నిరంతర ప్రవాహ రియాక్టర్‌లోకి ఒకేసారి ప్రవేశించిన అణువులన్నీ ఒకేసారి బయటికి రావు. అవి లోపల గడిపే కాలాల్లోని తేడాలను తెలిపేదే నివాసకాల వితరణ. మాక్‌ముల్లిన్, వెబర్ 1935లో సూచించిన ఈ భావనకు 1953లో పి.వి. డాంక్‌వర్ట్స్ గట్టి గణిత రూపం ఇచ్చాడు. చర్యలో పాల్గొనని ఉప్పు ద్రావణాన్నో రంగునో ట్రేసర్‌గా ప్రవేశం దగ్గర ఒక్కసారిగా వదిలి, బయటికొచ్చే ద్రవంలో విద్యుద్వాహకతనో రంగు గాఢతనో కాలం వెంబడి వక్రంగా నమోదు చేస్తారు. 1000 లీటర్ల ట్యాంకులో నిమిషానికి 100 లీటర్లు పారుతుంటే సగటు నివాసకాలం 10 నిమిషాలు రావాలి. 7 నిమిషాలే వస్తే 300 లీటర్లు నిశ్చలంగా ఉన్నాయని తేల్చేయడం పరిపాటి. ఈ తొందర తగదు. నిశ్చల మండలంలోకి చొరబడిన ట్రేసర్ నెమ్మదిగా తిరిగొస్తుంది. వక్రం తోక ముగియకముందే కొలత ఆపితే సగటు తప్పుగా తగ్గుతుంది. అందుకే వేసిన ఉప్పంతా బయటికొచ్చిందో లేదో ముందుగా లెక్క చూడాలి. ద్రావణం మరీ చిక్కనైతే బరువుకు అడుగుకు దిగి, కొలవదలచిన ప్రవాహాన్నే మార్చేస్తుంది.

ఇంత జాగ్రత్తగా గీసిన వక్రం కూడా రసాయన మార్పిడిని చెప్పలేదన్న ఆక్షేపణ ఉంది. అది సగమే నిజం. స్థిర ఉష్ణోగ్రత వద్ద ప్రథమ క్రమ చర్యకు వక్రం, రేటు స్థిరాంకం చాలు. ద్వితీయ క్రమ చర్యకు మాత్రం ద్రవం ముందే కలిసిందా, చివర్లో కలిసిందా అన్నదీ తెలియాలి. ఆలస్యంగా కలిస్తే మార్పిడి ఎక్కువ. వీలైనంత ముందే కలిసే, 1959లో జ్వీటరింగ్ నిర్వచించిన గరిష్ఠ మిశ్రణ స్థితి ఒక హద్దు, చివరిదాకా కలవని పూర్తి వేర్పాటు మరో హద్దు. ఆ రెంటినీ గణించడానికి కొలిచిన వక్రమే ఆధారం.